సువార్త నిద్రపోతే కదిలిన చెయ్యి

దెయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే అక్కడినుంచి లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. మిషన్లను మాత్రం నమ్మేవాణ్ణి. అలాంటి ఒక మిషనే నన్ను నలుగురిలో అబద్ధాలకోరును చేసింది కాబట్టి ఇది రాస్తున్నాను.

మాది అల్లూరు దగ్గర. నా భార్య సువార్తకు పార్కిన్సన్స్ జబ్బు. కుడిచెయ్యి వణుకుతుంది, ముద్ద నోటిదాకా పోదు. మెదడులో సన్నటి తీగ అమర్చి వణుకు ఆపే ఆపరేషన్ ఉందని నెల్లూరు ఆసుపత్రిలో చెప్పారు. ముందు ఆమె మణికట్టుకు ఒక వాచీ కట్టారు. చెయ్యి ఎలా కదులుతోందో అది వాళ్ళకు పంపుతుంది. దాన్నిబట్టి నిర్ణయిస్తారు.

కొన్ని వారాలకు పిలిచి ఆపరేషన్ అక్కర్లేదన్నారు. మధ్యాహ్నాలు ఆమె చెయ్యి వణుకు లేకుండా చకచకా పనిచేస్తోందట. ఆ వేళ ఆమె నిద్రపోతుందని చెప్పాను. ఆసుపత్రిలో వాచీ లెక్కలు చూసే అమ్మాయి నవ్వింది.

"అక్క ఇప్పి పారేస్తే నువ్వు పెట్టుకున్నావా ఏందన్నా?"

వరండా నిండా జనం. ఆ నవ్వు నేను మర్చిపోలేదు.

పెద్ద డాక్టరుకు ఫిర్యాదు చేశాను. మళ్ళీ మళ్ళీ చేశాను. చివరికి విసిగి, ఆమెను తమ ఎదుటే పడుకోబెట్టి చూద్దామన్నారు. భోజనమయ్యాక సువార్త అక్కడే మంచం మీద నిద్రపోయింది. చెయ్యి దుప్పటి మీద కదలకుండా ఉంది. కంప్యూటర్ తెర మీద వాచీ పంపే గీత మాత్రం కదిలింది. చిన్న మెలిక, పొడవాటి లాగుడు, మళ్ళీ మెలిక. కాసేపటికి రెండు గట్టి విదిలింపులు.

సువార్త చాలాకాలం రొయ్యల షెడ్డులో పనిచేసింది. నేను అక్కడే తూకం వేసేవాణ్ణి. తల తుంచడం, తొక్క లాగడం. బేసిన్ నిండగానే ఐసుకు మొద్దుబారిన చేతిని రెండుసార్లు విదిలించేది. అలా చేసేది ఆమె ఒక్కతే.

వాచీ చెడిందని వేరేది కట్టారు. అదే గీత. దాన్నే ఆ అమ్మాయి కట్టుకుని చెయ్యి కదలకుండా పెడితే గీత కూడా కదలలేదు.

సువార్తను లేపాను. వణుకు మొదలైంది.

"అప్పుడే లేపినావేంది? ఇంకో బేసిన్ ఉండాది" అని విసుక్కుంది.

ఆమె షెడ్డు మానేసి ఏళ్ళయింది.

ఆ అమ్మాయి ఇంతవరకూ తప్పయిందని అనలేదు. ఆపరేషన్‌కు మాత్రం, మెలకువలో వణుకు కళ్ళారా చూశాక, ఇప్పుడు వాళ్ళే రమ్మంటున్నారు. ఆ తీగ ఆపేది వణికే చేతినేనా, నిద్రలో పనిచేసే చేతిని కూడానా అని అడిగాను. డాక్టరు గారు ఒప్పుకోలు కాగితం నా ముందుకు జరిపారు.

సంతకం ఇంకా పెట్టలేదు.