అయిదు బొంతలు

బర్మాలోని రంగం రేవులో తెలుగు కూలీ ఎవరు పోయినా అతని లుంగీలు అప్పలనరసమ్మకు చేరతాయి. వాటిని జానెడు చదరాలుగా కత్తిరించి, నేలమీద పరిచి, ముదురు రంగులు అంచులకూ లేతవి నడుమకూ జరుపుకుంటూ బొంత కుడుతుంది. ఆ బొంత విశాఖ ఓడెక్కి అతని తల్లికి చేరుతుంది.

ఈసారి కలరాకు అయిదుగురు పోయారు. అయిదోవాడు ఆమె కొడుకే. రోగం అంటుతుందని భయపడి వాళ్ల లుంగీల మూటలన్నీ ఒకే కాగులో ఉడకబెట్టింది. రంగులు దిగి అన్నీ మట్టిరంగయ్యాయి. "నీ కొడుకుదైనా గురుతు పట్టలేవా అప్పా?" అన్నాడు మేస్త్రీ బుల్లియ్య. ఆమె ప్రతి లుంగీనీ కోసి, చదరాలు అయిదు కుప్పలకూ పంచింది. "ఏ తల్లికైనా తన బిడ్డ ముక్క అందుతాది," అంది. "మరి నీ బొంతలో మిగిలిన నలుగురో?" అడిగాడతను. సూదిలో దారం ఎక్కిస్తూ, "ఆళ్లనీ కప్పుకుంటాను," అంది.