సముద్రం అడుగు చూసివచ్చిన అన్న

మా పక్కింటి అన్న పోయాడని కామారెడ్డి దవాఖాన నుంచి ఆయన మేనల్లుడు ఫోన్ చేశాడు. "బాపూ, మామ పోయిండు" అన్నాడు. అంతే. లేచి వెళ్ళి ఆయన అరుగు మీద కూర్చున్నాను. పొద్దూకే వేళ ఇద్దరం కూర్చునే చోటే.

నాకు రాయడం రాదు. ఊరి బడిలో ఐదో తరగతితో ఆగిన చదువు. మాట్లాడటం అంతకన్నా రాదు. అయినా మా ఊరు ఎల్లారెడ్డిలో ఆయన మాట చివరిదాకా విన్నవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని రాస్తున్నాను.

ఆయన వంట పనికని దుబాయి పోయి, అక్కడి నుంచి ఒక ఓడలో కుదిరాడు. అది సరుకులు మోసే ఓడ కాదు. సముద్రం అడుగున ఏముందో వెతికే ఓడ. అక్కడ మట్టి మీద ఆలుగడ్డలంత నల్లటి రాళ్లు పరుచుకొని ఉంటాయట. బ్యాటరీలకు కావలసిన లోహాలు వాటిలో ఉన్నాయని యంత్రం దింపి ఏరి చూసేవారట. అన్నం తినే గదిలో ఒక టీవీ ఉండేది. కింద జరిగేది అందులో కనబడేది. ఆయన గిన్నెలు తీస్తూ చూసేవాడు.

"పువ్వసొంటి జీవి తమ్మీ. తెల్లగ, సన్నటి కాడ. ఆ రాయికే అతుక్కొని బతుకుతది" అని చెప్పాడు. యంత్రం వచ్చింది, మట్టి లేచింది, టీవీ అంతా చాయ్ రంగు అయింది. తేరుకుంటుందేమోనని నిలబడి చూశాడట. పొయ్యి మీద అన్నం మాడింది, తిట్లు పడ్డాయి, నీళ్లు మాత్రం తేరుకోలేదు.

ఆ అలవాటేనేమో, బిందెలో చెంబు ముంచినా అడుగు కదలనిచ్చేవాడు కాదు. భార్య పోయి చాలాకాలం. పిల్లలు లేరు. ఒక్కడికే వండుకొని, సగం గిన్నె నాకు పంపేవాడు.

ఒక ఎండాకాలం మా చెరువులో పూడిక తీస్తున్నారు. ట్రాక్టర్లు మట్టిని మెట్ట చెలకలకు తోలుతున్నాయి. చాయ్ హోటల్లో ఎవరో పేపరు చూసి, సముద్రం అడుగు కూడా గీకుతారట అన్నారు. మంచిదే కదా, లోతు పెరుగుతుంది, నీళ్లు ఎక్కువ ఆగుతాయి అన్నారు అందరూ. మాకు తెలిసింది చెరువే మరి. నేనూ అలాగే అనుకున్నాను. "అన్నా, నీకు ఎరుకున్నోళ్లే కదా, రెండు ట్రాక్టర్ల సముద్రం మట్టి మా చెలకకు తోలియ్యమను" అని ఒకాయన ఆట పట్టించాడు. అన్న కూడా నవ్వాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. చెరువు మట్టిని మన వానలే తెస్తాయి, మళ్ళీ తెస్తాయి. అక్కడ ఒక రాయి ఆలుగడ్డంత కావడానికి పట్టే కాలం మనుషులు లెక్కపెట్టగలిగింది కాదు. యంత్రం నడిచిన గీత ఏళ్ళు గడిచినా అట్లాగే ఉంటుందని ఓడలో ఇంజనీరు చెప్పాడట. అప్పటికే హోటల్లో వాళ్ళ మాట వడ్ల ధర మీదికి పోయింది. "చీకట్ల ఉన్నోళ్లు గుడ ఉన్నోళ్లే కద తమ్మీ" అన్నాడు, నాకు మాత్రమే వినబడేటట్టు.

ఆయనకు మిగిలిన రక్తసంబంధం ఆ మేనల్లుడే. డీజిల్ ఆటో అమ్మి బ్యాటరీ ఆటో కొన్నాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ముందుగా మామే ఎక్కాలన్నాడు. అన్న ఎక్కలేదు. బండి మీద చేయి వేసి నిలబడిపోయాడు. ఇంటిల్లిపాదీ చూస్తున్నారు. మేనల్లుడి మొహం మాడిపోయింది.

"డీజిల్ పొగకు దగ్గిందీ నువ్వే. ఇది తెస్తె గిట్ల నిలవడ్డదీ నువ్వే. ఎడ్లబండి కట్టాల్నా మామా?"

"నీది తప్పని అంటలేను బిడ్డా. ఏం జెయ్యాల్నో నాకు గుడ తెల్వదు. ఈ బ్యాటరీల ఉన్నది ఎక్కడిదో ఎరుక ఉంటె చాలు అంటున్న."

చెప్పులు విప్పి, ఎవరింట్లోకో పోతున్నట్టు ఎక్కాడు. బండి బస్టాండు దాకా పోయి వచ్చింది. ఆ తర్వాత మేనల్లుడు మందులు తెచ్చి ఇచ్చేవాడు, దవాఖానకు తీసుకుపోయేవాడు. కూర్చునేవాడు మాత్రం కాదు. "వాడు అడిగితె చెప్తుంటి" అనేవాడు అన్న, వీధి వైపు చూస్తూ.

అస్థికలు మంజీరలో కలపడానికి ఆ ఆటోలోనే పోయాం, మేమిద్దరమే. తిరిగి వస్తుంటే పిల్లవాడు వెనక్కి చూడకుండా అడిగాడు.

"బాపూ, అడుగున ఏమున్నదని చెప్పిండు మామ?"

చెప్పాను. తెల్లటి కాడ, నల్లటి రాయి, లేచిన మట్టి. అన్న అయితే ఏడాది పొడుగునా చెప్పేవాడు. నా దగ్గర ఉన్నది ఎల్లారెడ్డి ఇంకా చాలా దూరం ఉండగానే అయిపోయింది. "ఇంకా?" అన్నాడు. ఇంక లేదన్నాను. పాత బండి అయితే ఇంజన్ చప్పుడైనా ఉండేది. ఇది చప్పుడు లేకుండా పోతూ ఉంది, రోడ్డుకు రెండు పక్కలా వరి, మేమిద్దరం.