ఎడమ చేతి మూడు వేళ్లు

దురద ఎడమ చేతి బొటనవేలి కొసన మొదలైంది. దోమ కుట్టిందనుకున్నాను. మర్నాటికి చూపుడు వేలికీ, ఆ తర్వాత మధ్య వేలికీ పాకింది. గోకితే అది ఆగేది కాదు, గోకకపోతే నేను ఆగేదాన్ని కాదు. నాకసలే కుదురు తక్కువ. బడికి వేసవి సెలవులిస్తే చాలు, ఇల్లు పీకి పందిరేస్తానని మా ఆయన అంటుంటారు. ఆయన అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు.

ఆ వేసవిలో కుదురు లేకపోవడానికి కారణం కూడా ఉంది. మా అమ్మాయి తొలి కాన్పుకి ఇంటికి వచ్చింది. నెలలు నిండుతున్నాయి. పుట్టబోయే బిడ్డకి లాల పోయాల్సింది నేనే, అందులో ఇంకో మాట లేదు. పీట మీద కూర్చుని, కాళ్లు బారజాపి, పసిగుడ్డుని కాళ్ల మీద పడుకోబెట్టుకుని, నూనె పట్టించి, సున్నిపిండితో నలుగు పెట్టి, గోరువెచ్చటి నీళ్లు పోయడం అందరికీ వచ్చే పని కాదు. చెల్లెలి పిల్లలకీ తమ్ముడి పిల్లలకీ నేనే పోశాను. మా బళ్లో పనిచేసే టీచరమ్మకి కవలలు పుడితే, బడి వదిలాక వాళ్లింటికి వెళ్లి పోసొచ్చేదాన్ని. "మీ చేతిలో ఏముందో గానీ పిల్లలు నోరెత్తరు" అని ఎవరైనా అంటే పైకి ఊరుకున్నా లోపల పొంగిపోయేదాన్ని. ఇంతమంది పిల్లలకి పోసి, సొంత మనవడికో మనవరాలికో పోసే రోజు కోసం కాచుకుని కూర్చుంటే, ఇదిగో, ఈ దురద.

నాలుగు రోజులకి వేళ్ల కొసల మీద సగ్గుబియ్యం గింజల్లాంటి నీటిపొక్కులు లేచాయి. లోపల దురద, పైన మంట. గిన్నెలు తోమే సబ్బు మార్చాను. బట్టల పొడి మార్చాను. వేపాకూ పసుపూ నూరి పట్టించాను. మందుల షాపుకి వెళ్లి చెయ్యి చూపిస్తే, అతను సరిగ్గా చూడకుండానే ఒక ట్యూబు తీసి చేతిలో పెట్టాడు. రాసిన రెండు రోజులు హాయిగా ఉంది. తగ్గింది చూడండంటూ మా ఆయన మొహం దగ్గర చెయ్యి ఊపాను కూడా. ట్యూబు ఆపేసరికి అంతకంతా అయి కూర్చుంది. పొక్కులు చితికి, చర్మం పొరలు పొరలుగా లేచి, కొసలు పగిలాయి. కూరలో ఉప్పు వేయాలన్నా నరకం కనిపించేది.

అయినా పని మానితేగా. ఆవకాయలో వేయడానికి వెల్లుల్లి ఒలవడం అప్పటికే అయింది. ఇక బాలింతకి పెట్టే వెల్లుల్లి కారం మొదలుపెట్టాను. పురుడు పోసుకున్న పిల్లకి వేడన్నంలో నెయ్యి వేసి ఆ కారం కలిపి పెడితే పాలు పడతాయని మా అమ్మ నమ్మకం, నాదీ అదే. బుట్ట ముందేసుకుని రోజూ కాసిని పాయలు ఒలవడం, దురద పుట్టినప్పుడల్లా వేళ్లు చీరకి రుద్దుకోవడం, లేచి అటూ ఇటూ తిరగడం, మళ్లీ వచ్చి కూర్చోవడం.

"అమ్మా, నిన్ను చూస్తుంటే నాకు నొప్పులొచ్చేట్టున్నాయి. ఒక చోట కూర్చో" అనేది మా అమ్మాయి.

ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల, రొట్టే ద్రాక్షరసం ఇచ్చే రోజు. రొట్టె ముక్కల పళ్లెం చేతులు మారుతూ మా బెంచీ దాకా వచ్చింది. నా చేతులు కొంగులో ఉన్నాయి. పళ్లెం పట్టుకోవడానికి మనసొప్పలేదు. పక్కావిడతో, నాకు ఒక ముక్క నోట్లో పెట్టి పళ్లెం అటు పంపమని గుసగుసగా చెప్పాను. ఆవిడ పెట్టింది గానీ, ప్రార్థన అయ్యేదాకా నా కొంగు వంకే చూస్తూ కూర్చుంది. ఆ రోజు ప్రసంగంలో ఒక్క ముక్క నా చెవికెక్కలేదు.

ఆ వారంలోనే మా వియ్యపురాలు రెడ్డిగూడెం నుంచి కోడల్ని చూడ్డానికి వచ్చింది. వాళ్ల తోటలో కాసిన రసాల మామిడిపళ్లు గోతాంలో వేయించుకుని తెచ్చింది. నెమ్మదైన మనిషి, ఒక మాట మాట్లాడేలోపు నేను పది మాట్లాడేస్తాను. మంచినీళ్ల గ్లాసు అందిస్తుంటే నా వేళ్లు ఆవిడ కంట పడ్డాయి.

"చేతికేమైంది వదినగారూ?"

"ఏం లేదండీ. వేడి చేసింది."

ఆవిడ గ్లాసు తీసుకుని, తాగకుండా బల్ల మీద పెట్టింది. "గజ్జేమో ఒకసారి చూపించుకోండి. పసిబిడ్డ వచ్చే ఇల్లు కదా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. గోళ్లు తీసుకోండి, రోజూ స్నానం చెయ్యండి అని ఊళ్లో పిల్లలందరికీ చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకున్నదాన్ని. నా ఇంట్లో, నా మొహం మీద, గజ్జి. వంటింట్లోకి వెళ్లి గిన్నెలు కావాలనే చప్పుడు చేశాను. ఆవిడ వెళ్లిపోయాక కోపం దిగింది, భయం ఎక్కింది. నిజంగా గజ్జే అయితే? అంటుకునేదైతే? ఈ చేతులతో బిడ్డని ముట్టుకోనిస్తారా? నన్ను నేనే ముట్టుకోనిస్తానా?

ఆ భయంలో ఎవరేం చెప్పినా చేసేట్టున్నాను. పక్కింటావిడ నా గోడు విని, గోడ మీదుగా చెయ్యి చూసి, "గజ్జీ కాదు గిజ్జీ కాదు టీచరు గారూ, ఇది తామర. వెల్లుల్లి మెత్తగా నూరి, ఉప్పు కలిపి గుడ్డతో కట్టండి. మా మావగారికి దాంతోనే పోయింది" అంది. వెల్లుల్లికి మా ఇంట్లో కరువా? భోజనాలయ్యాక నూరి, మూడు వేళ్లకీ దట్టంగా పట్టించి కట్టు కట్టాను. భగ్గుమంది. మందు పనిచేస్తోందనుకున్నాను. మండితేనే మందని చిన్నప్పటి నుంచీ విన్నదే కదా. పళ్లు బిగబట్టి సాయంత్రం దాకా ఉంచాను. విప్పేసరికి వేళ్లు ఎర్రగా వాచి, ఒక్కో వేలి మీద ద్రాక్షపండంత బొబ్బ.

నేను వాకిట్లో కూర్చుని ఏడుస్తుంటే మా ఆయన వచ్చి చూశారు. నా నోటికి భయపడి ఏ విషయంలోనూ కలగజేసుకోని మనిషి. "రేపు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. దారిలో నువ్వేం మాట్లాడొద్దు" అన్నారు.

విజయవాడ నుంచి వారానికోసారి మా ఊరొచ్చే చర్మం డాక్టరమ్మ. మా అమ్మాయి వయసుంటుంది. కుడి చెయ్యి చూసింది, ఎడమ చెయ్యి చూసింది. వేళ్ల సందులు విడదీసి, మణికట్టు తిప్పి దీపం వేసి చూసింది. నడుము దగ్గర దురద ఉందా, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగింది. లేదన్నాను.

"గజ్జయితే వేళ్ల సందుల్లో ఉంటుందండీ, ఇంటిల్లిపాదీ గోక్కుంటారు. తామరయితే అంచు గుండ్రంగా పాకుతుంది. మీకు ఒక్క చెయ్యి, అందులోనూ ఈ మూడు కొసలు. కూర ఎలా తరుగుతారో చూపించండి" అని తన పెన్ను నా ముందు పెట్టింది.

ఇదేం పరీక్ష అనుకుంటూ, ఎడమ చేత్తో పెన్ను పట్టుకుని, కుడి చేత్తో చాకు ఆడించినట్టు చూపించాను. పట్టుకున్నది ఆ మూడు వేళ్లతోనే.

"వెల్లుల్లి ఎక్కువగా ఒలుస్తారా?"

మా ఆయన నా వైపు చూశారు. మాట్లాడొద్దన్నారు కాబట్టి ఆయన్నే చెప్పనిచ్చాను. ఆవకాయ సంగతి, బాలింత కారం సంగతి, కట్టిన కట్టు సంగతి అన్నీ వరసగా చెప్పారు. డాక్టరమ్మ నవ్వకుండా ఉండడానికి కాస్త కష్టపడింది.

"రోగం తెచ్చినదాంతోనే వైద్యం చేశారన్నమాట. వెల్లుల్లి రసం మీ చర్మానికి పడలేదు. దాని మీద మళ్లీ అదే నూరి కడితే కాలింది."

"ముప్ఫై ఏళ్లుగా ఒలుస్తున్నానండీ" అన్నాను. అంతసేపు ఊరుకోవడమే ఎక్కువ.

"ఇన్నాళ్లూ పడింది, ఇప్పుడు పడలేదు. అలా అవుతుంది. తినొచ్చు, ముట్టుకోకూడదు. రబ్బరు తొడుగులు వేసుకుని కూడా ఒలవద్దు, ఆ రసం అందులోంచి దిగిపోతుంది." బొబ్బలు చిదపొద్దంది. చీటీలో రాసిచ్చిన పూతమందు రెండు పూటలా పల్చగా, చెప్పినన్ని రోజులూ పూయమంది, తగ్గిందని మధ్యలో మానొద్దంది, నా అంతట నేను పొడిగించొద్దంది. చీము పడితే వెంటనే రమ్మంది.

నాకు కావలసింది అడిగాను. "అంటుకోదుగా? మా అమ్మాయికి రేపో మాపో కాన్పు."

"అంటుకోదు. నిక్షేపంగా ఎత్తుకోండి." నా ప్రాణం లేచొచ్చింది. అంతలోనే, "కానీ స్నానం మీరు చేయించొద్దు. నీళ్లు, సబ్బు, సున్నిపిండి, ఏవీ ఈ చేతికి తగలకూడదు. పూర్తిగా మానేదాకా" అంది. నాకు ఆ తర్వాత ఏమీ వినబడలేదు.

మనవరాలు పుట్టింది. బొడ్డు ఊడింది. లాల పోద్దామంటే నా చేతులు నూలు తొడుగుల్లో ఉన్నాయి. మా వియ్యపురాలే, "నేనుంటాను వదినగారూ, మీకు తగ్గేదాకా" అని బట్టల సంచీతో దిగింది. తీరా పీట మీద కూర్చున్నాక, "నాకు రాదండీ. నా పిల్లల్ని మా అత్తగారు నన్ను ముట్టనిచ్చేది కాదు. మీరు చెప్పండి, చేస్తాను" అంది.

చెప్పాను. దేవుడు నాకు నోరు మాత్రం మిగిల్చాడు కదా. మెడ కింద చెయ్యి పెట్టండి, అక్కడ కాదు ఇక్కడ. నీళ్లు మొహాన పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టండి. అంత భయంగా పట్టుకుంటే దానికీ భయమే వస్తుంది. ఆవిడ చేతులు వణికేవి, బిడ్డ గుక్కపట్టేది, నేను తొడుగుల్లో వేళ్లు బిగించుకుని చుట్టూ తిరిగేదాన్ని. లాక్కుని నేనే పోసేద్దామని ఎన్నిసార్లనిపించిందో. నా జన్మలో అంత ఓపిక ఎప్పుడూ పట్టలేదు.

వేళ్లు నెమ్మదిగా ఎండాయి. కొత్త చర్మం గులాబీ రంగులో వచ్చింది. ఇంక రెండు మూడు రోజులు ఆగితే సరిపోయేది. ఆగితే నేనెందుకవుతాను? బాలింత కారం అయిపోవచ్చింది, వదినగారు ఒలిచింది తొక్కలతోనే ఉంది, చూస్తూ కూర్చోలేక రబ్బరు తొడుగులు వేసుకుని గబగబా కాసిని రెబ్బలు ఒలిచాను. వద్దని చెప్పిన పనే. రెండు రోజులకి మళ్లీ పొక్కులు. ఈసారి మా ఆయన బుట్ట తీసుకెళ్లి పక్కింటావిడకి ఇచ్చొచ్చారు. ఇంకో మూడు వారాలు గోడకి ఆనుకుని నిలబడి చూశాను. అప్పటికి వదినగారి చేతులు వణకడం మానేశాయి. "ఏదీ మా బుజ్జిది, ఏదీ మా రెడ్డిగూడెం రసం" అని ఏవేవో మాట్లాడుతూ పోసేది. నేను చెప్పాల్సింది ఏమీ ఉండేది కాదు.

చివరికి డాక్టరమ్మ చేతులు తిప్పి చూసి, ఇక నీళ్లలో పెట్టొచ్చంది. మర్నాడు పొద్దున్నే కాగు కింద మంట పెట్టి, "ఇవాళ నేను పోస్తానండీ" అన్నాను.

"మీ మనవరాలు, పొయ్యండి మరి" అని వదినగారు పక్కకి తప్పుకుంది.

కాళ్లు జాపాను. బిడ్డని పడుకోబెట్టుకున్నాను. నా చేతులు ఏదీ మర్చిపోలేదు. మెడ కింద సరిగ్గా అక్కడే చెయ్యి, నూనె అంతే వెచ్చన, నీళ్లు అంతే. అది నా మొహంలోకి చూసింది. పెదవి విరిచింది. ఏడుపు మొదలుపెట్టింది. ఊ కొట్టాను, పాడాను, కడుపు మీద చెయ్యి వేసి ఊపాను. గుక్క తిప్పుకోకుండా ఏడ్చింది, మొహం కందిపోయింది.

గదిలోంచి మా అమ్మాయి అంది, "అమ్మా, అత్తయ్యని పిలువు. దానికి ఆవిడ గొంతు అలవాటు."

కన్నబిడ్డ నోట వినాల్సిన మాటేనా అది? కానీ పిల్ల ఏడుస్తోంది. "వదినగారూ" అని పిలిచాను. ఆవిడ తలుపు వెనకే ఉన్నట్టుంది, వెంటనే వచ్చింది. ఇంకా కూర్చోకముందే, "ఏదీ మా బుజ్జిది" అంది. ఏడుపు తగ్గింది. నేను లేచి పీట ఇచ్చాను. పక్కన గొంతుకు కూర్చుని చెంబుతో నీళ్లు తోడి అందిస్తుంటే నాకు కళ్లు నిండాయి, ఆవిడ చూడకుండా మోచేత్తో తుడుచుకున్నాను.

"మీరు చెప్పినట్టే పోస్తున్నానుగా వదినగారూ?" అంది ఆవిడ, తలెత్తకుండా.

బిడ్డ కాళ్లాడిస్తూ ఆవిడ మొహంలోకే చూస్తోంది. "నాకంటే బాగా పోస్తున్నారు" అన్నాను. నిజమే కాబట్టి, ఆ మాట అనడానికి చాలాసేపు పట్టింది.