సౌండ్ ముందొచ్చింది

మా ఆయన పోయిన వారం కారుకి పొగ పైపులు మార్పించి ఇంజిన్ దగ్గర పొగ బయటికి లాగే హెడర్ అనే కొత్త గొట్టాల సెట్టు వేయించాడు. పొగ ఫ్రీగా పోతే ఇంజిన్ ఇంకా లాగిద్దంట.

ఇవాళ రాజుపాలెం దాటాక సిమెంటు లారీని ఓవర్‌టేక్ చేయబోయాడు. మా కొత్త పైపుల మోత విని లారీ డ్రైవర్ పక్కకి జరిగాడు. అంతలో ఎదురుగా బస్సు! ఎంత తొక్కినా కారు అరిచిందేగానీ లాగలేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. చివరికి లారీ డ్రైవరే బ్రేక్ కొట్టి మాకు సందిచ్చాడు.

తర్వాత టీ కొట్టు దగ్గర ఆ డ్రైవర్ అడిగాడు: "ఏంది బాబాయ్, సౌండ్ ఎప్పుడో వచ్చింది, కారేది?"

"స్పీడ్ అందుకున్నాక చూడు, చానా లాగిద్ది" అన్నాడు మా ఆయన.

అందాకా మేం బతికుండాలిగా! రేపు పాత పైపులే బిగించాల.

మీ ఇంట్లోనూ అరవటమే తప్ప లాగనిది ఏమన్నా ఉందా? కారు గురించే అడుగుతున్నా.