ఉప్పూ బొగ్గూ

ఆళ్లగడ్డలో మోటార్లకు ఎర్తింగ్ వేసే ఆ ఎలక్ట్రీషియన్ మీద నాకు ఇప్పటికీ కోపమే.

భూమిలో ఇరవై కిలోమీటర్ల లోతున రాయిలో కరెంటు ఎందుకు పారుతుందన్నది నా పరిశోధన. పగుళ్లలోని ఉప్పునీరని కొందరంటారు, బొగ్గు జాతికి చెందిన గ్రాఫైటని కొందరు. మా పరికరాలకు రెండూ ఒకేలా కనిపిస్తాయి. నంద్యాల లాడ్జిలో కూర్చుని రాసిన అధ్యాయాన్ని మా గైడు, "ఒక్క కారణం తేల్చు" అంటూ మూడుసార్లు తిప్పి పంపారు.

మేం సర్వే చేసే చేనులోనే అతను ఎర్తింగ్ గుంత నింపుతున్నాడు. ఒక వరస ఉప్పు, ఒక వరస బొగ్గు. ప్రతి వరసనూ అరచేత్తో నిమిరి నీళ్లు పోస్తున్నాడు.

"రెండిట్లో ఏది పని చేస్తుందన్నా?" అన్నాను.

"మా నాయన రెండూ ఏసేటోడు. నేనూ ఏస్తాండా."

"ఎప్పుడైనా ఒక్కటే వేసి చూశావా?"

"ఎందుకు సూడల్లప్పా? కరెంటు బూమిలోకి పోతాంది కదా."

అతని గుంత ఎనిమిదడుగులే. ఉప్పు, బొగ్గు వేరువేరు గోతాల్లో ఉన్నాయి. తల్చుకుంటే సాయంత్రానికల్లా తేల్చగలడు. తల్చుకోలేదు. పరీక్షకు కరెంటు వైరుకూ గుంత వైరుకూ మధ్య బల్బు తగిలిస్తే నిండుగా వెలిగింది. అరచేతులు దులుపుకుని వెళ్లిపోయాడు.

నేను "రెండూ కావచ్చు" అని రాసి పంపాను. అధ్యాయం నాలుగోసారి తిరిగొచ్చింది.