వినిపించే మేర

ఒక్క వేలితో ఊరికి ఊరినే మాయం చేసిన మొనగాడు ఆ రేడియో స్టేషన్ మెకానిక్కు. మనిషిని చూస్తే ఫ్యాను గాలికే ఎగిరిపోయేలా ఉంటాడు. ప్రకటనలు వేయని ఆ చిన్న స్టేషన్‌లో ఇరవై ఏళ్లుగా రోజూ పొద్దున్నే ట్రాన్స్‌మిటర్ మీద అరచేయి ఆనించి, జ్వరం చూసినట్టు చూసి, ఆ తర్వాతే మీట నొక్కుతాడు. అప్పుడు కళ్లు కనిపించని వాళ్ల కోసం పేపరు చదవడం మొదలవుతుంది.

ఒకరోజు మేనేజరమ్మ కాగితం పట్టుకొచ్చింది. "ఇకనుంచి మనకూ లైసెన్సు ఫీజట, బాబాయ్. ఎంతమందికి వినిపిస్తే అంత."

"సబ్బులమ్మే స్టేషన్లకీ మనకీ ఒకటే లెక్కా?"

"ఒకటేనట. పవర్ కాస్త తగ్గిస్తే వినిపించే మేర తగ్గి, తక్కువ ఫీజుతో బయటపడతాం. లేదంటే మూసేయడమే."

 అతను ట్రాన్స్‌మిటర్ మీద అరచేయి ఆనించి, వేలితో పవర్ మీటను మెల్లగా వెనక్కి తిప్పాడు. సాయంత్రం చేతి రేడియో పట్టుకుని, అందులో గొంతు ఎక్కడ ఆగిపోతుందో తెలిసేదాకా కొండదారిన నడిచి, ఆ అవతల ఉన్న ఇళ్లు లెక్కపెట్టాడు.

మర్నాడు టీ దగ్గర పేపరు చదివే అమ్మాయి ఆటపట్టించింది. "ఊరినే మాయం చేశావటగా, మామా."

"ఊరు కాదు, పదకొండు ఇళ్లు," అన్నాడు గ్లాసు కడుగుతూ. "అందులో ఒకటి మా అక్కది."