పిలిచే వీలు

మా మేడం పోయారు. మధ్యాహ్నం పూట, సూర్యాపేటలో నేను పనిచేసే కాలేజీ ల్యాబులో ఉండగా మిర్యాలగూడ నుంచి వాళ్లాయన ఫోన్ చేశాడు. ఆయన్ని నేను అన్నా అనే పిలుస్తాను. "మేడం ఇగ లేదు చెల్లె" అన్నాడు. ప్రింటర్ కదలట్లేదని పిల్లలు పిలుస్తుంటే, వస్తున్నా వస్తున్నా అంటూ అక్కడే నిలబడిపోయాను.

మేడం నాకు కోదాడలో ఎంసీఏ చెప్పారు. 2001లో చేరేనాటికి నాకు పెళ్లయి, బాబు బడికి పోతున్నాడు. క్లాసులో అందరికంటే పెద్దదాన్ని, మేడం కంటే నాలుగైదేళ్లే చిన్న. ఆపరేటింగ్ సిస్టమ్స్ ఆమె సబ్జెక్టు. కీబోర్డు, డిస్కు, ప్రింటర్, ఒక్కోదానిది ఒక్కో వేగం, ఒక్కో భాష. వీటన్నిటినీ కంప్యూటర్ ఎట్లా సంబాళించుకుంటుందో చెప్పే పాఠమంటే ఆమెకి ప్రాణం. ప్రింటర్ ఆలస్యం చేస్తే మేము దాన్ని చేత్తో కొట్టేవాళ్లం. ఆమె కొట్టనిచ్చేవారు కాదు. "దానికి మన తొందర తెలియదు కదండీ" అని పక్కన నిలబడి ఓపిగ్గా చూసేవారు.

ఒకరోజు క్లాసుకి రాగానే మమ్మల్నే డివైజుల్ని చేశారు. ముందు బెంచీ కీబోర్డు, మధ్యది డిస్కు, వెనక నేను ప్రింటర్. తను ప్రాసెసర్. "నీకేమైనా పనుందా? నీకు? నీకు?" అని వరసగా అడుగుతూ చివరిదాకా వచ్చి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. మొదట్లో నవ్వాం, తర్వాత విసుక్కున్నాం. అప్పుడు ఆగారు.

"ఇంతసేపూ నేనేం పాఠం చెప్పాను?"

"ఏం జెప్పలే మేడం" అన్నాడు మోతె ఊరి నుంచి వచ్చే ఒకతను. "మా అమ్మ గూడ గిట్లనే. తిన్నవా, తిన్నవా అని ఒకటే అడుగుడు."

"నువ్వు తినేదాకా ఆమె ఇంకేం పని చేసుకుంటుంది మరి?"

"ఏం జేసుకోదు మేడం. నా నెత్తి మీదనే ఉంటది."

"అదే పోలింగ్" అన్నారు. క్లాసంతా గొల్లుమంది.

తర్వాత బోర్డు వైపు తిరిగారు. "నేను నా పని చేసుకుంటాను. పనున్నవాళ్లు బల్ల కొట్టండి." చప్పుడైతే రాస్తున్న మాట దగ్గర చిన్న సున్నా చుట్టి, వచ్చి, పని చూసి, మళ్లీ ఆ సున్నా దగ్గర నుంచే రాసుకుపోయేవారు. అది ఇంటరప్ట్. "పిలిచే వీలున్నవాళ్లని అడుగుతూ కూర్చోకూడదు" అనేవారు. కొన్ని క్షణాలు మాత్రం ప్రాసెసర్ ఎవరి పిలుపూ వినదట. చేతిలో పని చెడిపోతుందని చెవులు మూసుకుంటుందట.

"అప్పుడు పిలిచినవాళ్ల సంగతేంటి మేడం?" అని అడిగాను.

"గుర్తు పెట్టే ఏర్పాటు ఉంటే ఉన్నట్టు. లేకపోతే ఆ పిలుపు పోయినట్టే. పోయినదానికి జాడ ఉండదమ్మా. పిలిచారన్న సంగతే ఎవరికీ తెలియదు."

పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. అంతకంటే ఎక్కువ ఆలోచించలేదు.

కొన్నేళ్ల కిందట ఆమె వేళ్ల నుంచి చాక్‌పీసు జారిపోవడం మొదలైంది. నరాల జబ్బు అన్నారు. వెనక్కి మళ్లేది కాదని హైదరాబాదులో పెద్ద డాక్టర్లే చెప్పేశారు. ఉద్యోగం మానేసి మిర్యాలగూడ ఇంట్లో ఉండిపోయారు. ఇంట్లో వాళ్లిద్దరే. అన్న రైస్‌మిల్లులో సూపర్‌వైజరు. ఒక్కొక్కటే ఆమె మాట వినడం మానేశాయి, చేతులు, కాళ్లు, చివరికి నాలుక. తెలివి మాత్రం ఎక్కడా చెదరలేదు.

అన్న మిల్లుకి సెలవు పెట్టి మంచం పక్కనే కూర్చునేవాడు. "నీళ్లా? దిండు సదరాల్నా? కాలు జరపాల్నా?" కాసేపాగి మళ్లీ అదే వరస. ఆమెని నిద్రపోనిచ్చేవాడు కాదు, తనూ నిద్రపోయేవాడు కాదు. ఒక ఆదివారం నేను వెళ్లినప్పుడు, అప్పటికి ఇంకా కొంచెం మాట ఉంది, ముద్దముద్దగా ఏదో అన్నారు. ఒక్క 'పోలింగ్' మాత్రం నాకు తెలిసింది.

"ఏమంటుంది చెల్లె?"

"మిమ్మల్ని జర ఊపిరి తీసుకోమంటున్నారన్నా."

పాత మౌసు ఒకటి విప్పి, దాని మీట ఆమె వేలి కింద అమర్చాను. నొక్కితే కంప్యూటర్‌లో గంట మోగుతుంది. మొదటిసారి మోగగానే అన్న సబ్బు చేతులతో పెరట్లోంచి ఉరికొచ్చాడు. ఏమీ అక్కర్లేదు. అటు పోగానే మళ్లీ మోగింది.

"ఉత్తగనే పిలుస్తున్నవా? నీకు నేను గింత అగ్గువైన్నా?"

ఆమె కళ్లు ఎంత నవ్వాయో. ఆ వారం అన్న మళ్లీ మిల్లుకి పోయాడు. పక్కింటావిడ వచ్చి కూర్చునేది, గంట మోగితే చూసేది, తనవల్ల కాకపోతే అన్నకి ఫోన్ చేసేది.

తర్వాత ఆ వేలు పోయింది. మీట కాలి బొటనవేలికి మార్చాను. అదీ పోయింది. ప్రతిసారీ ఇంకా మెత్తటి మీట కోసం వెతికాను. కంప్యూటర్ వైపు అంతా సరిగ్గానే ఉంది, వినడానికి అది సిద్ధంగా ఉంది. నొక్కడానికే ఆమె దగ్గర ఏమీ మిగల్లేదు. ఆ గంట అలవాటు చేసి మంచి చేశానో, ఒకసారి ఇచ్చి మళ్లీ లాక్కున్నట్టు చేశానో ఇప్పటికీ తేల్చుకోలేను. అన్న మిల్లు మానేశాడు. మళ్లీ పక్కనే కూర్చుని అడగడం. ఔనంటే ఆమె కళ్లు మూసేవారు, కాదంటే ఊరికే చూసేవారు. ఫ్యాన్ తగ్గించమనడం లాంటిది, వరసలో లేనిది కావాలనుకుంటే అది అడిగే దారి లేదు.

ఆ రోజు అన్నీ అడిగాడట. ఏదీ వద్దన్నట్టు చూశారట. వీధిలో నల్లా వచ్చిందని బిందె పట్టుకుని బయటికి పోయాడు. తిరిగొచ్చి మళ్లీ అడిగితే ఆ కళ్లలో జవాబు లేదు.

పెద్దకర్మకి వెళ్లాను. జనం తగ్గాక అన్న నా పక్కన కుర్చీ లాక్కున్నాడు.

"నువ్వు సదువుకున్నవ్ గద, సెప్పు చెల్లె. నేను నల్లకాడ ఉన్నప్పుడు నన్ను పిలిసి ఉంటదా?"

ఆనాడు క్లాసులో ఆమె చెప్పిన జవాబే నాకు తెలుసు. అది ఆయనకి ఎట్లా చెప్పను? "నిద్రలోనే పోయి ఉంటారన్నా" అన్నాను.

"నిద్రల పోతే కండ్లు తెరిసి ఉంటయా?"

ఏదో ఒకటి అంటాననుకుని కాసేపు నా ముఖంలోకే చూశాడు. తర్వాత లేచి లోపలి గదికి పోయాడు. గది కడిగారు, నేల ఆరడానికి పైన ఫ్యాన్ జోరుగా తిరుగుతోంది. తడి మీద అడుగు పెట్టకుండా గడప దగ్గరే నిలబడి, గోడ మీది స్విచ్చుల వైపు చెయ్యి చాచి ఫ్యాన్ కొంచెం తగ్గించాడు. ఖాళీ మంచం వైపు చూశాడు. ఇంకొంచెం తగ్గించి, అట్లాగే నిలబడ్డాడు.